గడ ఊపమని చెప్పు

కొవ్వూరు,
కార్తీక మాసం, బుధవారం.

చిరంజీవి గణేష్‌బాబుకు,

నాన్న దీవెనలు. ముందుగా నా చేతిరాత చూసి ఏమీ అనుకోవద్దు. నాది ఊరి బడి చదువు, అదీ మధ్యలో ఆగిపోయింది. వేళ్లు ఇప్పుడు కలం మీద సరిగా ముడుచుకోవడం లేదు. వరస పైకీ కిందికీ పోతుంది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే నువ్వే సర్దుకుని చదువుకో. శ్రీదుర్గకు చూపించినా పరవాలేదు, కోడలు నవ్వదని నాకు తెలుసు.

మీ అమ్మ మోకాలు తప్పిస్తే ఇక్కడ ఇద్దరం కులాసా. పూణేలో మీరు ముగ్గురూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. మనవరాలు ప్రసన్న సంగతిలో మాత్రం ఆ మాట ధైర్యంగా రాయలేకపోతున్నాను.

నిన్న మీ అమ్మ ఫోను చేసి ప్రసన్నను వెంటనే చెవి డాక్టరుకు చూపించమంది గదా. ఎందుకమ్మా, ఏమైందమ్మా అని నువ్వు అడుగుతూనే ఉన్నావట. "మీ నాన్న రాత్తాడు, అందులో ఉంటది" అని పెట్టేసిందట. నేను పక్కనే ఉన్నాను. ఫోనులో మాట నాకు అందదు, నీకు తెలిసిందే. ఆ ఎందుకు అన్నది నేనే రాయాలి. రాస్తాను. మొదట నువ్వు పోయిన ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు రాయనివ్వు. అవి రాస్తే చేయి కాస్త కుదురుకుంటుంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, డాక్టరు మాట విన్నాకే ప్రసన్న తరపున ఆ అండమాను డైవింగు కాగితం మీద సంతకం పెట్టు. అంతవరకు పెట్టకు.

నువ్వు చెప్పినట్టే రాజమండ్రి వెళ్లి రమేష్ బాబును కలిశాను. అండమాను టిక్కెట్లు, హోటలు, నీళ్లలో ముంచి చూపించే ఆ దుకాణం, అన్నీ ఆయన చేతుల మీదే కుదిర్చావు. శ్రీదుర్గకు వరసకు బావ అన్న మాటే గానీ నాకు ఆయన మీద మొదటినుంచీ గురి లేదు. మాట్లాడేటప్పుడు మనిషిని చూడడు, ఫోను చూస్తాడు. ఆఫీసు గోడ నిండా ఒక బొమ్మ పెట్టాడు. నీలం నీళ్లు. మధ్యలో ఒక పిల్ల వీపున గాలి సీసా కట్టుకుని ఉంది. చుట్టూ పసుపు చారల చేపలు, చెయ్యి చాపితే అందేంత దగ్గర. మనిషి దిగితే చేప అక్కడే నిలబడుతుందా. గోదావరిలో అయితే నీడ పడితేనే పోతాయి. ఆ బొమ్మ దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

"ఈ చేపలు నిజంవేనా బాబూ?" అని అడిగాను.

"నిజంవే బాబాయ్ గారూ. అక్కడ ఎవరూ పట్టరండి. అందుకని వాటికి భయం ఉండదు. మీరూ వెళ్లొచ్చు కదండీ, పిన్నిగారిని తీసుకుని."

"నేను చూసిన నీళ్లు చాల్లే."

నా కుడి పక్కకు కుర్చీ లాక్కోమన్నాను. ఆయన గట్టిగా చెప్పాడు, నేను గట్టిగా అడిగాను. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లందరూ అండమాను వెళ్లి వచ్చినంత పనైంది.

ఓడా విమానమా అని అడిగావు. విశాఖపట్నం నుంచి ఓడ ఉందట గానీ ఎప్పుడో ఒకసారి కదులుతుందట. రెండు మూడు రోజులు సముద్రం మీదే ఉండాలి, పిల్లకు వాంతులవుతాయి, సెలవులన్నీ ఓడలోనే అయిపోతాయి, విమానమే మేలండి అన్నాడు. మేలు ఎవరికో అని నేను పైకి అనలేదు. మీరు చెన్నై వెళ్లి అక్కడినుంచి పోర్టుబ్లెయిరు విమానం ఎక్కాలి. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు, టిక్కెట్టు మీద ఏ పేరున్నా కంగారు పడొద్దన్నాడు. మీరు మునిగే హేవలాకు దీవికి కూడా స్వరాజ్ ద్వీప్ అని ఇంకో పేరుందట. ఒక్కో ఊరికి రెండేసి పేర్లంటే నాకు మనసు ఒప్పలేదు. ఇంటికొచ్చి తాతాజీని అడిగాను. మన పాత ఇసుక పడవ ఇప్పుడు అతని చేతిలోనే ఉంది, నీకు గుర్తుండే ఉంటాడు. వాళ్ల మేనల్లుడు అక్కడ కాంక్రీటు పనికి వెళ్లాడు. పేర్లు మార్చిన మాట నిజమేనన్నాడు. సరే, అది ఒకటి తేలింది.

మనవాళ్లకు పర్మిట్టు అక్కర్లేదు. ఆధారు కార్డులు మాత్రం ముగ్గురివీ అసలువే దగ్గర ఉండాలి. దీవికి వెళ్లే లాంచీ ఎక్కేటప్పుడు చూస్తారు. లాంచీ టిక్కెట్లు డిసెంబరు సెలవుల్లో అప్పటికప్పుడు దొరకవు, ముందే కొనాలి. గాలి ఎక్కువైతే లాంచీ ఆపేస్తారు. అందుకని తిరుగు విమానానికి ముందు రోజే దీవి వదిలి పోర్టుబ్లెయిరుకు వచ్చేయండి. అక్కడ సాయంత్రం మనకంటే చాలా త్వరగా చీకటి పడుతుంది. ఏ పనైనా పొద్దున్నే పెట్టుకోవాలి. దీవిలో ఫోను సరిగా అందదు, ఏటీఎంలు తక్కువ, చేతిలో కాస్త నగదు ఉంచుకోండి అన్నాడు. ఫోను అందని చోటికి చేతిలో డబ్బు పెట్టుకుని పిల్లతో సహా రమ్మంటున్నారు. ఇది విని అనుమానం రాని తండ్రి ఉంటాడా, నువ్వే చెప్పు.

శ్రీదుర్గ ఈత రాదని భయపడుతోందని రాశావు. ఈత అక్కర్లేదట. మొదటిసారి దిగేవాళ్లను నేర్పే మనిషి వెనకనుంచి పట్టుకునే ఉంటాడట, పైకి వచ్చేదాకా వదలడట. పదేళ్లు దాటిన పిల్లలను కూడా తీసుకెళతారు గనుక ప్రసన్నకు వయసు అడ్డం లేదు. దిగే ముందు కడుపు నిండా తినొద్దు, ముందు రాత్రి మందు ముట్టొద్దు. జలుబు ఉంటే ఆ రోజు దిగనే దిగొద్దు. ఈ జలుబు మాట కింద మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకో.

మునిగిన మర్నాటిదాకా విమానం ఎక్కకూడదు అన్నాడు.

"అదెందుకు?"

"ఒంట్లోకి గాలి ఎక్కుద్దండి. అది మెల్లగా దిగాలి."

"ఒంట్లోకి గాలి ఎక్కడమేంటి బాబూ, సైకిలు చక్రమా?"

"రూలు అండి బాబాయ్ గారూ. నేను పెట్టింది కాదు."

హోటల్లో ఇంకో రోజు ఉంచడానికి అల్లిన కథ అనుకున్నాను. అది కూడా నిజమేనని తర్వాత తెలిసింది. అందుకని నీళ్ల పని మొదట్లో పెట్టుకోండి, ఊరు తిరగడం చివర్లో.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరకూడదు. తిరిగి వచ్చేటప్పుడు విమానం దగ్గర సంచులు విప్పి చూస్తారు. ఈ మాట ప్రసన్నకు ఇప్పుడే చెప్పు. వేసవిలో ఇక్కడ ఇసుక ర్యాంపు దగ్గర ఏరిన గవ్వలన్నీ లంగా మడతలో దాచుకుని పూణే పట్టుకెళ్లింది. ఇక నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే, "కొన్ని చోట్ల మొసళ్లు ఉంటాయండి, బోర్డు పెట్టిన దగ్గర దిగొద్దని చెప్పండి" అన్నాడు రమేష్ బాబు. ముందు చెప్పాల్సిన మాట లేచేటప్పుడు చెప్పే మనిషి. అందుకే నాకు గురి లేదన్నాను.

దుకాణం వాళ్ల కాగితం ఇంగ్లీషులో ఉంటే నాకోసం తెలుగులో రాసి ఇచ్చాడు. అందులో మొదట అన్నీ ప్రశ్నలు. ఆయాసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ వస్తుందా, చెవికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా. ఒక్కదానికి అవునన్నా డాక్టరు చీటీ తేవాలట. కింద సంతకం. ఏమైనా అయితే మాకు సంబంధం లేదనడానికి దారి వేసుకున్నారు అనుకున్నాను. వెనక వైపు నీళ్లలో చేయవలసినవి, చేయకూడనివి. వాటిలో మొట్టమొదటి మాట ఇది. నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు.

అది చదివి కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

"వీళ్లు దొంగలే. ఇది రాసినవాడు నీళ్లు చూడలేదు" అన్నాను మీ అమ్మతో.

"నువ్వు చూసేవుగా. ఏం బాగుపడ్డావేంటి" అంది, బియ్యం ఏరుతూ.

నిన్ను ఎప్పుడూ పడవ ఎక్కనివ్వలేదు గనుక మా పని ఎలా ఉండేదో నీకు సరిగా తెలియదు. నది మధ్యకు పడవ తీసుకెళ్లి వెదురు గడ అడుగుదాకా దింపుతాం. పైన ఒకడు గడ పట్టుకుని కూర్చుంటాడు. మునిగేవాడు గుండె నిండా ఊపిరి పట్టి, బకెట్టు తీసుకుని, గడ వెంట కిందికి దిగుతాడు. ఇసుక నింపి మళ్లీ గడ వెంటే పైకి వస్తాడు. కింద ఇబ్బంది అయితే గడ ఊపుతాడు. పైవాడు గడతో సహా పైకి లాగేస్తాడు. ఇంతే మా విద్య. అందులో మొదటి అక్షరం ఊపిరి బిగబట్టడం. ఊపిరి వదిలినవాడు తేలడు. అలాంటిది ఎవరో దుకాణం పెట్టుకుని బిగబట్టొద్దంటే నేనెలా నమ్మేది. నా మనవరాలిని వాళ్ల చేతిలో పెట్టొద్దని నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను కూడా. తాతాజీ వచ్చి ఆపాడు.

"ధవళేశ్వరంలో పల్లంరాజుగారని ఉన్నాడు మావా. నేవీలో ఈ సీసాలు కట్టుకునే మునిగేవాడట. రిటైరైపోయాడు. ఆయన్ని అడిగి, అప్పుడు రాయి" అన్నాడు.

నాకు కొత్తవాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడటం ఎంత కష్టమో నీకు తెలుసు. వెళ్లాను. రాజుగారు నాకంటే చిన్నవాడే. మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఇసుక పడవ మనిషినని చెబితే కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. కాగితం చూపించి, ఈ మాట అబద్ధం కదండీ అన్నాను.

"నిజమేనండి. అన్నిటికంటే పెద్ద నిజం అదే."

"ఊపిరి బిగబట్టకుండా ఎలాగండి?"

"మీరు గాలి ఎక్కడ పీల్చేవారు?"

"పైన. పడవలో."

"మీది పైన పీల్చిన గాలి. కిందికెళ్తే నీటి బరువుకి నలుగుద్ది. పైకొచ్చేసరికి మళ్లీ ఎంత ఉందో అంతే అవుద్ది. అందుకని బిగబట్టినా మీకేం కాలేదు. వీళ్లు అడుగునే సీసాలోంచి పీలుస్తారండి. అది కింద పీల్చిన గాలి. దాన్ని బిగబట్టి పైకొస్తే, వచ్చేకొద్దీ పొంగుద్ది. ఎక్కడికి పోద్ది మరి?" అని తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు.

నాకు బుడగ గుర్తొచ్చింది. అడుగున ముక్కులోంచి జారిన బుడగ శనగగింజంత ఉంటుంది. పైకి వెళ్తూ వెళ్తూ నిమ్మకాయంత అవుతుంది. గడ పట్టుకుని తల ఎత్తి రోజూ చూసిందే. ఎందుకు పెద్దదవుతుందో ఒక్కనాడూ అనుకోలేదు. ఆయన చెప్పింది నిజమని ఆ బుడగ వల్ల నమ్మాను. విమానం సంగతి కూడా ఈ లెక్కలోదే అన్నాడు. దుకాణం మీద నాకున్న అనుమానం అక్కడికి చాలావరకు పోయింది. లేచి వచ్చేద్దామనుకున్నాను.

ఆయన మొక్కల దగ్గరికి వెళ్లి మళ్లీ నా ఎడమ పక్కగా వచ్చి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి గానీ ఏమన్నాడో తెలియలేదు. నేను తల ఊపాను, అందరి దగ్గరా ఊపినట్టే. ఆయన కుడి పక్కకు వచ్చాడు.

"ఎడమ చెవి ఎప్పుడు పోయిందండి మీకు?"

"ముసలితనం బాబూ."

"ముసలితనం రెండు చెవులకీ వస్తదండి. ఒక్కదాంతో మొదలెట్టదు. పడవ మీద అందరికీ ఇంతేనా?"

అప్పుడు మా పడవ పద్ధతి చెప్పాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా మునిగేవాడికి కిందికి వెళ్తుంటే చెవిలో మేకు దిగినట్టు నొప్పి వస్తుంది. మొదటి రోజు వాడు గడ ఊపినా పైవాడు లాగకూడదు. ఓర్చుకోవాలి. ఓర్చుకుంటే ఒక్కసారి టప్ మంటుంది, నొప్పి పోతుంది. పైకి వచ్చాక చెవిలోంచి ఒక చుక్క నెత్తురు వస్తే, చెవి తెరుచుకుంది అనేవారు. పెద్దవాళ్లు భుజం తట్టేవారు. దూదితో ఆముదం పెట్టి కాజా తినిపించేవారు. ఆ రోజునుంచే వాడు పడవ మనిషి. నాకూ అలాగే పెట్టారు. నేనూ కొందరికి పెట్టాను. నెత్తురు చూపించని వాడిని ఏడిపించేవాళ్లం.

రాజుగారు మొక్కల పని ఆపి నా కుడి పక్కన కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, నాకు వినబడేలా చెప్పాడు.

"అది తెరుచుకోవడం కాదండి. చిరగడం. చెవి లోపల పల్చటి పొర ఉంటది. దిగేటప్పుడు కొంచెం కొంచెంగా ముక్కు పట్టుకుని మెల్లగా ఊదితే లోపల్నించి గాలొచ్చి సర్దుకుంటది, నొప్పే ఉండదు. జలుబు ఉంటే ఆ దారి మూసుకుపోద్ది, అందుకే దిగొద్దంటారు. మీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదండి" అన్నాను.

మా పడవ వాళ్లవి పెద్ద నోళ్లని ఊరంతా చెప్పుకునేది. ఒడ్డున కూర్చుని మామూలు మాట మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. ఎందుకో రాజుగారి అరుగు మీద తెలిసింది. కానీ నేను ఆ సమయంలో మా గురించి ఆలోచించలేదు.

పోయిన ఉత్తరం చివర నువ్వు ప్రసన్న మీద కోపంతో రాశావు. "పిలిస్తే పలకదు. టీవీ గట్టిగా పెడుతుంది. క్లాసులో టీచరు అడిగితే గోడకు చెప్పినట్టు ఉంటోందట. మీ దగ్గర ముద్దు ఎక్కువై పొగరు నేర్చుకుని వచ్చింది." ఈ మాటకు నేను ఇంతవరకు జవాబు రాయలేదు. ముందు చెప్పాల్సిన మాట లేచేటప్పుడు చెబుతాడని రమేష్ బాబును అన్నాను. నేనూ అదే చేస్తున్నాను. ఇక చెబుతాను.

వేసవి సెలవుల్లో ప్రసన్న ఇక్కడ ఉన్నప్పుడు ఒక రోజు నా పక్కన కూర్చుని అడిగింది. "తాతా, అండమానులో అందరికంటే కిందికి నేనే వెళ్లాలి. నువ్వు ఎలా మునిగేవాడివి, నాకు నేర్పు" అంది. నా పని గురించి మన ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. నేనూ చెప్పను. అది అడిగింది. నాకు చాలా సంతోషమైంది. మీ అమ్మకు గుడికి అని చెప్పి తాతాజీ పడవలో తీసుకెళ్లాను. లోతు ఎక్కువ లేదు, ఇద్దరు మనుషుల నిలువు. ఊపిరి ఎలా పట్టాలో చూపించాను. గడ వదలొద్దన్నాను. చెవి నొప్పి వస్తే ఓర్చుకో, తెరుచుకుంటుంది, మధ్యలో వచ్చేస్తే పిరికిదంటారు అన్నాను. మొదట్లో సగంలోనే వచ్చేసింది. మళ్లీ దిగింది. ఈసారి అడుగుదాకా వెళ్లింది.

నా చేతిలో గడ ఊగింది.

నేను లాగలేదు. పక్కన తాతాజీ, "మావా, ఊపుతోంది" అన్నాడు. "కొత్తది కదా, ఉండనీ" అన్నాను.

పైకి వచ్చింది. ఏడవలేదు. "తాతా, టప్ మంది" అని నవ్వింది. ఎడమ చెవి కింద కొంచెం ఎర్రగా ఉంది. నేను తువ్వాలుతో తుడిచి, నువ్వు నా మనవరాలివే అన్నాను. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర కాజా కొనిపెట్టాను. నాన్నతో, అమ్మతో, నానమ్మతో చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. ఆ పిల్ల ఇంతవరకు ఆ మాట నిలబెట్టుకుంది. మీరు తిట్టినా నిలబెట్టుకుంది.

బాబూ, అది పొగరు కాదు. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్లి ఉండకపోతే, ఈ ఉత్తరం పక్కన పెట్టి దాని వెనకగా ఎడమ వైపునుంచి మామూలు గొంతుతో పిలిచి చూడు. తర్వాత కుడి వైపునుంచి పిలువు. నీకే తెలుస్తుంది.

ఇదంతా రాజుగారికి చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "పిల్లలకి చాలాసార్లు ఆ పొర దానంతటదే అతుక్కుంటదండి. ఇన్ని నెలలైనా వినికిడి రాలేదంటే మాత్రం డాక్టరు చూడాల్సిందే. అతుక్కునేదాకా చెవిలోకి నీళ్లు పోకూడదు. సముద్రంలో దిగితే ఆ చన్నీళ్లు లోపలికి పోయి తల తిరిగిపోద్ది, పైకేదో కిందేదో తెలీదు. ఆ కాగితంలో చెవి ప్రశ్న అందుకే పెట్టారు" అన్నాడు. తప్పించుకునే దారి అని నేను తీసిపారేసిన ప్రశ్న అది. అప్పటినుంచి నా అనుమానం రమేష్ బాబును వదిలేసి నా మీదికి వచ్చి కూర్చుంది. నాకు తెలుసని అనుకున్నవి ఇంకా ఎన్ని ఇలాంటివో అని.

ఇంటికి వచ్చి మీ అమ్మకు చెప్పాను. అచ్చాయమ్మ సంగతి నీకు తెలుసు, అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. "పిల్ల దిండు మీద నెత్తురు మచ్చ చూసి దోమ అనుకున్నానయ్యా" అంది. వెంటనే నీకు ఫోను కలిపింది. ఎందుకు అన్నది మాత్రం నువ్వే రాయాలని నాతో అంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఒక్కసారి మాత్రం నా కుడి పక్కకు వచ్చి మరీ, "మాట్లాడితే మాత్రం నీకు వినబడుద్దా" అని వెళ్లిపోయింది.

తాతాజీతో కూడా చెప్పాను. మొదట నమ్మలేదు. మా నాన్న, నువ్వు, నేను, అందరూ అలాగే కదా అన్నాడు. ముక్కు పట్టుకుని ఊది చూడమన్నాను. ఊదాడు. ఎడమ చెవిలోంచి గాలి బయటికి వచ్చింది. ఇక తన పడవ మీద కాజా పెట్టనన్నాడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. ప్రసన్నను తిట్టొద్దు. ఈ ఉత్తరంలో ఇక్కడినుంచి దానికి చదివి వినిపించు, కుడి పక్కన కూర్చుని. ప్రసన్నమ్మా, తాత నీ దగ్గర వేయించుకున్న ఒట్టు తాతే తీసేస్తున్నాడు. అంతా నాన్నకు చెప్పెయ్యి. చెవి తెరుచుకోవడం అన్నది తాత నేర్చుకున్న తప్పు. నువ్వు పిరికిదానివి కాదు. కింద ఉండి గడ ఊపావు చూడు, అది సరైన పని. లాగకపోవడం నా తప్పు.

డాక్టరు వద్దంటే ఈ ఏడు మునగొద్దు. అక్కడ అడుగున గాజు వేసిన పడవ ఉందట, ఒళ్లు తడవకుండా చేపలను చూడొచ్చట. అందులో ఎక్కించు. మనిషిని చూసి ఆ చేపలు పారిపోతాయో నిలబడతాయో చూసి నాకు రాయమను. ఆ ఒక్క విషయంలో రమేష్ బాబు మాట నేను ఇంకా నమ్మలేదు.

డాక్టరు పరవాలేదంటే, ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడు, అప్పుడు దిగనీ. అప్పుడైనా నేను నేర్పిందంతా మరిచిపొమ్మని చెప్పు. ఊపిరి బిగబట్టొద్దు, ఆడుతూనే ఉండాలి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందునుంచే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. ఊదినా నొప్పి వస్తే కొంచెం పైకి రావాలి. నీళ్లలో మాట ఉండదు గనుక సైగలుంటాయి. రాజుగారు నాకు చూపించాడు. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపి, తర్వాత వేలితో చెవి చూపించాలి. నా చెవి బాగాలేదు, ఆగండి అని. నేను ఇంట్లో ఒక్కడినే కూర్చుని ఆ సైగ చేసి చూసుకున్నాను. అది మా గడ ఊపడమే. సిగ్గుపడకుండా ఊపమని చెప్పు. నువ్వూ ఊపు, శ్రీదుర్గా ఊపాలి. దాని పక్కన ఉండేది ఈసారి నువ్వు. అది చెయ్యి ఊపిందంటే ఎందుకని అడగొద్దు, నవ్వొద్దు, కొత్తది కదా అనుకోవద్దు. తీసుకొచ్చెయ్యి.

ఇంక రాయడానికి ఏమీ లేదు. ఇంత పొడుగు ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. నా మీద కోపం ఉంటే అది కూడా రాయి, చదువుకుంటాను. డాక్టరు చెప్పింది మంచైనా చెడైనా పెద్ద అక్షరాలతో రాయి. మీ అమ్మ చేత చదివించుకోను. నీ ఉత్తరం వచ్చేదాకా ఊగుతున్న గడ మీద చెయ్యి వేసి కూర్చున్నట్టే ఉంటుంది నాకు. త్వరగా జవాబు రాయి.

ఇట్లు,
మీ నాన్న
బుల్లబ్బాయి